చిరునామా లేని ఎంజైములు

మీరు తిన్న అన్నం పొట్టలోనూ పేగుల్లోనూ జీర్ణమవుతుంది. మరి మీ శరీరంలోని దాదాపు ప్రతి జీవకణానికీ ఇలాంటి చిన్న చిన్న పొట్టలున్నాయని మీకు తెలుసా? వాటినే లైసోసోములు అంటారు. ఈ పేరును 1955లో పెట్టినది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. 1974లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

లైసోసోము పలుచని పొర గల ఒక సంచి. అందులో సుమారు 60 రకాల ఎంజైములు ఉంటాయి. కణంలో అరిగిపోయిన భాగాలనూ, లోపలికి వచ్చిన బాక్టీరియాలనూ అవి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలను కణం మళ్లీ వాడుకుంటుంది.

అయితే ఈ ఎంజైములు లైసోసోములో తయారు కావు. అంతర్జీవ ద్రవ్యజాలం మీది రైబోసోములలో తయారై, గాల్జీ సంక్లిష్టానికి వస్తాయి. ఇది కణానికి తపాలా కార్యాలయం వంటిది. కణం బయటికి పోవలసిన మాంసకృత్తులూ ఇక్కడికే వస్తాయి. మరి ఏది ఎక్కడికి పోవాలో ఎలా తెలుస్తుంది?

లైసోసోముకు చేరవలసిన ఎంజైము మీద మానోజ్ అనే చక్కెర ఉంటుంది. గాల్జీలో దానికి ఒక ఫాస్ఫేటు తగులుతుంది. అప్పుడది మానోజ్-6-ఫాస్ఫేట్ అవుతుంది. ఇదే చిరునామా! గ్రాహకాలు అనే మాంసకృత్తులు దీనిని గుర్తించి, ఎంజైమును పట్టుకుని చిన్న బుడగల్లోకి చేరుస్తాయి. దారిలో ఆమ్లత్వం పెరగగానే గ్రాహకం పట్టు వదులుతుంది. ఎంజైము లైసోసోముకు చేరుతుంది. గ్రాహకం మరో ఎంజైము కోసం గాల్జీకి తిరిగి వస్తుంది.

ఈ రహస్యాన్ని బయటపెట్టింది ఒక జబ్బు. ఐ-కణ వ్యాధితో పుట్టిన పిల్లలు సరిగా ఎదగరు. వారి కీళ్లు బిగుసుకుపోతాయి. చాలామంది చిన్నతనంలోనే మరణిస్తారు. వారి లైసోసోములలో అరగని పదార్థాలు పేరుకుపోతాయి. మరి ఎంజైములు లేవా? ఉన్నాయి, కాని కణాలను వదలి రక్తంలోకి పోయాయి!

1972లో అమెరికాలో హిక్‌మన్, ఎలిజబెత్ న్యూఫెల్డ్ ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతుల ఎంజైములను రోగి కణాలు లోపలికి తీసుకున్నాయి. రోగి కణాలు విడిచిన ఎంజైములను మాత్రం ఇతర కణాలు తీసుకోలేదు. అంటే లోపం కణాలు స్వీకరించడంలో లేదు, ఎంజైము మీద ఉండవలసిన గుర్తు లేదన్నమాట. ఆ గుర్తులో ఉన్నది మానోజ్-6-ఫాస్ఫేట్ అని 1977లో విలియం స్లై బృందం చూపింది. ఫాస్ఫేటును తగిలించే ఎంజైము పనిచేయకపోవడమే వ్యాధికి కారణమని తరువాత తేలింది.

ఈ జ్ఞానం వృథా పోలేదు. పాంపే వ్యాధిలో లైసోసోముకు కావలసిన ఒక ఎంజైము కొరవడి, కండరాలు బలహీనమవుతాయి. ఆ ఎంజైమును బయట తయారుచేసి, నరం ద్వారా ఎక్కించే చికిత్సకు 2006లో అనుమతి లభించింది. దాని మీది మానోజ్-6-ఫాస్ఫేటును చూసి కణాలు దానిని లోపలికి తీసుకుంటాయి. ఐ-కణ వ్యాధిని నయం చేసే మందు మాత్రం ఇంకా రాలేదు. చిరునామా రాసే చేతినే బాగుచేయవలసిన పని అది. రేపటి శాస్త్రవేత్తలైన మీకోసం అది ఎదురుచూస్తున్నది.