గోడ దిగిన ఛాయాచిత్రం

సమకాలీన కళ అన్న మాట వినగానే చాలామంది పాఠకులకు మహానగరాల్లోని గ్యాలరీ గదులు, తెల్లని గోడలు, వాటి మీద అద్దం బిగించిన పటాలు, వాటి ముందు ఏం మాట్లాడాలో తోచక మౌనంగా నడిచే సందర్శకులు గుర్తుకు వస్తారు కాబట్టి, ఆ కళ తమ ఇంటి దాకా వచ్చేది కాదన్న అభిప్రాయం సహజంగానే స్థిరపడిపోయింది. నిజానికి ఆ మాటకు అర్థం చాలా సాదాది: మన కాలంలో జీవిస్తున్నవారు మన కాలపు సామగ్రితో, మన కాలపు సందేహాలతో చేస్తున్న పని. 1961లో ఢిల్లీలో పుట్టిన ఛాయాచిత్రకారిణి దయానితా సింగ్ నాలుగు దశాబ్దాలుగా చేస్తున్న కృషిని పరిశీలిస్తే, ఛాయాచిత్రం గోడ మీదే ఉండాలన్న నియమం ఏదీ లేదనీ, అది మడిచి జేబులో పెట్టుకునే ఉత్తరం కావచ్చుననీ, పెట్టెలో పట్టే ప్రదర్శనశాల కావచ్చుననీ తెలుస్తుంది. కళ, డిజైను, ఛాయాగ్రహణం అని మూడు వేర్వేరు శాఖలుగా చెప్పుకునేవి ఆమె పనిలో ఒకే పనిగా కలిసిపోయాయి.

ఈ కలయికకు మూలం ఆమె చదువులోనే ఉంది. దయానిత మొదట చేరింది అహ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో. 1980 నుంచి 1986 వరకు అక్కడ అభ్యసించిన విద్యలో అక్షరం, కాగితం, పుటల అమరిక, పుస్తకపు కట్టు అన్నీ భాగమే తప్ప ఫొటో తీయడం ఒక్కటే లక్ష్యం కాదు. న్యూయార్కులోని అంతర్జాతీయ ఛాయాగ్రహణ కేంద్రంలో డాక్యుమెంటరీ ఛాయాగ్రహణం, అంటే జరుగుతున్న జీవితాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసే పద్ధతి, నేర్చుకున్నది ఆ తరవాతే. విద్యార్థినిగా ఉన్న రోజుల్లో తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ కచేరీని చిత్రించబోతే నిర్వాహకుల్లో ఒకరు అడ్డుకోవడం, ఆమె కింద పడడం, ఆ తరవాత ఆయనే తన సాధనను, ప్రయాణాలను చిత్రించడానికి అనుమతించడం కళాలోకంలో బాగా తెలిసిన సంగతులు. ఆరు శీతకాలాల పాటు ఆయన బృందంతో కలిసి తిరిగి ఆమె తయారుచేసిన పుస్తకం 1986లో వెలువడింది. ఆమె తొలి కృతి ప్రదర్శన కాదు, పుస్తకం. ఈ ఒక్క విషయం తరవాతి ప్రస్థానాన్నంతటినీ నిర్ణయించిందనడం అతిశయోక్తి కాదు.

పత్రికల కోసం పనిచేసిన తొలి ఏళ్లలో ఆమె ఎదుర్కొన్న ప్రశ్న నైతికమైనది. పేదరికం, వెలివేత, వింత ఆచారాలు అనే కొన్ని మూసల్లోనే భారతదేశాన్ని చూడదలచిన విదేశీ పత్రికలకు, ఎవరి బతుకునో ఒక్క మధ్యాహ్నంలో చిత్రించి పంపడం ఆమెకు సరిపడలేదు. 1989లో ఒక లండను పత్రిక కోసం హిజ్రాల జీవితాన్ని చిత్రించడానికి వెళ్లినప్పుడు ఢిల్లీలో మోనా అహ్మద్ పరిచయమయ్యారు. ఆ ఫొటోలు లండనులో అచ్చయితే అక్కడి తన బంధువులు చూస్తారని మోనా కలవరపడగా, దయానిత ఫిల్ము చుట్టలను ఆమె చేతికే ఇచ్చేశారు. వృత్తిరీత్యా అది నష్టమే కాని, అక్కడ మొదలైన స్నేహం 2017లో మోనా మరణించే దాకా సాగింది. తన సమాజం నుంచి వేరుపడి శ్మశానంలో ఇల్లు కట్టుకుని బతికిన మోనా, 2001లో వచ్చిన పుస్తకంలో తన కథను తానే చెప్పుకున్నారు. అందులోని పాఠం ఆమె ప్రచురణకర్తకు ఈమెయిళ్లుగా పంపిన మాటలే. చిత్రానికి లోబడే మనిషికి ఆ పుస్తకంలో మాట కూడా దక్కింది. ఛాయాగ్రహణంలో ఇంతటి సమానత్వం అప్పటికీ ఇప్పటికీ అరుదు.

ఆమె వాడిన కెమెరా గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే పనిముట్టు మారితే చూపూ మారుతుంది. హాసెల్‌బ్లాడ్ అనే ఆ స్వీడను కెమెరాను కంటికి ఆనించుకోనక్కర లేదు. దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలక మీద పడే చతురస్రాకారపు బింబాన్ని చూస్తారు. ఛాయాచిత్రకారిణి ముఖం కెమెరా వెనక దాగకుండా ఎదుటివారికి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, ఆమె చిత్రాల్లోని కుటుంబాలు, పిల్లలు, వృద్ధులు గురిపెట్టబడినవారిలా కాక ఎవరితోనో మాట్లాడుతున్నవారిలా కనిపించడంలో ఆ పనిముట్టుకూ వాటా ఉంది. ఒక ఫిల్ము చుట్టలో 12 చిత్రాలే పడతాయి. ఆ నెగటివులను వరసలుగా పేర్చి, ఎన్‌లార్జ్ చేయకుండా నేరుగా ఒకే కాగితం మీద అచ్చు తీస్తే వచ్చేదాన్ని కాంటాక్ట్ షీట్ అంటారు. సాధారణంగా అది ఏ ఫొటో బాగుందో ఎంచుకోవడానికి వాడే చిత్తుప్రతి మాత్రమే. దయానితకు మాత్రం అదే అసలు రచన మొదలయ్యే చోటు. ఏళ్ల తేడాతో, వేర్వేరు ఊళ్లలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు వాటి మధ్య పుట్టే అర్థమే ఆమెకు ముఖ్యం. విడి మాటలు కావ్యం కానట్టే విడి ఫొటో కూడా ఆమె దృష్టిలో ముడిసరుకే, దాని అమరికే కృతి.

ఈ ఆలోచన అన్నిటికంటే అందంగా రూపుకట్టింది 2008లో వచ్చిన "సెంట్ ఎ లెటర్" అనే పుస్తకపెట్టెలో. మిత్రులతో కలిసి ఎక్కడికైనా ప్రయాణం చేసి వచ్చాక ఆమె ఆ చిత్రాలతో చేత్తో రెండు చిన్న పుస్తకాలు కట్టి, ఒకటి తోడు వచ్చిన మిత్రుడికి పంపి, రెండోది తన వంటింటి అల్మరాలో దాచుకునేవారు. అవి చదవవలసినవారు ఒక్కరే అయిన ఉత్తరాలు. అలాంటి 7 పుస్తకాలను ఒక చిన్న గుడ్డపెట్టెలో పెట్టి, జర్మనీలోని గోటింగెన్ పట్టణంలో ముద్రణాలయం నడిపే గెర్హార్డ్ స్టైడల్ ప్రచురించారు. ఒక్కొక్కటీ కుట్టు పుస్తకం కాదు, చీర కుచ్చిళ్లలా మడతలు పెట్టిన ఒకే పొడవాటి కాగితం. పుటల్లా తిప్పుతూ చూడవచ్చు, లేదా మడతలన్నీ విప్పి బల్ల మీద నిలబెడితే అదే ఒక చిన్న ప్రదర్శన అవుతుంది. కలకత్తా, బొంబాయి, అలహాబాదు, వారణాసి, దేవీగఢ్, పద్మనాభపురం అని 6 పుస్తకాలకు ఊళ్ల పేర్లున్నాయి. ఏడోదానికి నోనీ సింగ్ అని ఆమె తల్లి పేరు పెట్టారు, అందులోని చిత్రాలు ఆ తల్లి తీసినవే. తెలుగు ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున నల్లని అట్టల మధ్య పల్చని కాగితం కప్పుకుని దాగిన ఆల్బములను ఎరిగినవారికి ఈ గౌరవం ఎంత తగినదో వేరుగా చెప్పనక్కర లేదు. ఇంట్లో కుటుంబం కోసం తీసిన ఫొటోను ప్రపంచ కళ పక్కన, ఏ తగ్గింపూ లేకుండా, అదే కొలతలో నిలబెట్టారామె.

ఆమె రంగుల పనిని క్లుప్తంగానే ప్రస్తావించవచ్చు. పగటి వెలుగుకు తగినట్టు తయారైన కలర్ ఫిల్మును సూర్యుడు అస్తమించాక వాడితే దృశ్యమంతా నీలమై పోతుంది. ఇతరులు దోషంగా సరిదిద్దే ఈ గుణాన్నే ఆధారం చేసుకుని, కర్మాగారాల పరిసరాలను చిత్రించి, "బ్లూ బుక్" పేరుతో 2009లో చింపి పంపుకోగల పోస్టుకార్డులుగా అచ్చువేశారు. ఇక్కడ కూడా పుస్తకం ఉత్తరమే కావడం గమనించదగినది.

2013 నాటి "ఫైల్ రూమ్" మన దేశంలోని పాత రికార్డు గదుల చిత్రమాల. తాలూకా కచేరీ మెట్లెక్కిన ప్రతివారికీ ఆ గదులు పరిచితమే: గుడ్డలో మూటగట్టిన దస్త్రాలు, వంగిపోయిన ఇనుప బీరువాలు, తాళ్ల అంచున వేలాడే చీటీలు, ఏ కట్ట ఎక్కడుందో తన జ్ఞాపకంలోనే దాచుకున్న ఒక గుమాస్తా. ఈ దృశ్యాన్ని వెనకబాటుతనానికి గుర్తుగా చూపడం చాలా సులువు కాని, దయానిత ఆ దారి తొక్కలేదు. చిత్రంలో కాగితపు కట్టలు కొండచరియల్లా, తేనెపట్టుల్లా, ఒక్కోచోట నిద్రిస్తున్న మనుషుల్లా కనిపిస్తాయి. ఎన్ని భూముల తగాదాలు, ఎన్ని వారసత్వాలు, ఎందరి పేర్లు వాటిలో ఉన్నాయో ఒక్క అక్షరమైనా చదవకుండానే చూపరికి తడుతుంది. కాగితం నశించేదే అయినా మనుషులు దానికే తమ బతుకును అప్పగించారన్న ఎరుక ఆ పుస్తకానికి లోతునిచ్చింది. ఈ కాలపు భారతీయ ఛాయాగ్రహణంలో ఒకే ఒక్క పుస్తకం చూడదలచినవారికి సూచించవలసింది ఇదే.

ఆ రికార్డు గదులే ఆమెను తరవాతి మెట్టుకు చేర్చినట్టు కనిపిస్తుంది. చిత్రాలను గోడకు బిగించే బదులు ఆమె టేకు చెక్కతో పెద్ద పెద్ద మడత తెరల వంటి నిర్మాణాలు చేయించి, వాటిని మ్యూజియములన్నారు. ఒక్కొక్క నిర్మాణంలో పదుల సంఖ్యలో చిత్రాలు ఇముడుతాయి. కొన్ని బయటికి కనిపిస్తాయి, మిగిలినవి లోపలి అరల్లో ఉంటాయి, ఎప్పుడంటే అప్పుడు స్థానాలు మార్చవచ్చు, రెక్కలు మూసి వేరే ఊరికి తరలించవచ్చు. దస్త్రాలకొకటి, యంత్రాలకొకటి, యాదృచ్ఛికతకొకటి అని వేర్వేరు పేర్లున్న వీటన్నిటినీ కలిపి "మ్యూజియం భవన్" అని వ్యవహరించారు. 2013లో లండనులోని హేవర్డ్ గ్యాలరీలో ఇవి పెద్దయెత్తున ప్రదర్శితమయ్యాయి. తరవాత అదే పేరుతో, మడతల పుస్తకాలుగా మారిన 9 మ్యూజియములను ఒక చేతిపెట్టెలో ఇమిడ్చి 2017లో వెలువరించినప్పుడు దానికి పారిస్ ఫొటో, అపర్చర్ సంస్థలు కలిసి ఇచ్చే ఆ ఏటి ఉత్తమ ఛాయాచిత్ర పుస్తక పురస్కారం లభించింది. అంతకు ముందు 2014లో వచ్చిన "మ్యూజియం ఆఫ్ ఛాన్స్" పుస్తకం లోపల ఉన్న 88 చిత్రాలూ వేర్వేరు ప్రతుల మీద ముఖచిత్రాలుగా వచ్చాయి. కొన్నవారు ఆ ప్రతిని చట్రంలో పెట్టి గోడకు తగిలిస్తే అది చిత్రం, తీసి ఒళ్లో పెట్టుకుంటే పుస్తకం. 2022లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం ఆమెను వరించింది; ఛాయాగ్రహణంలో ప్రపంచస్థాయి గౌరవాల్లో అది ముందు వరుసలోనిది.

వందల్లో, వేలల్లో అచ్చయ్యే పుస్తకాన్ని కళాకృతి అనవచ్చునా అన్న సందేహం కళా వ్యాపారంలో బలంగానే ఉంది, ఎందుకంటే ఆ వ్యాపారం వెలను అరుదుతనంతో కొలుస్తుంది. దయానిత పుస్తకాలు కూడా చవకవి కావు; ఒక మధ్యతరగతి పాఠకుడు కొనడానికి వెనుకాడే ధరలోనే ఉంటాయి. అయినా ఒకరి గోడకే పరిమితమయ్యే చిత్రానికీ, గ్రంథాలయంలో చేరితే వందమంది తిప్పగల పుస్తకానికీ ఉన్న తేడా చిన్నది కాదు. "సెంట్ ఎ లెటర్" పెట్టె వెలువడిన కాలంలో కలకత్తా పార్క్ స్ట్రీటులోని ఒక నగల దుకాణం తన వీధి అద్దాల బీరువాలో ఆ 7 పుస్తకాలను మడతలు విప్పి నిలబెట్టింది. టిక్కెట్టు, ఆహ్వానం, పరిచయవాక్యం ఏవీ లేకుండా, నగల కోసం ఆగినవారూ బస్సు కోసం నిలుచున్నవారూ అక్కడ పద్మనాభపురాన్నీ, వారణాసినీ, ఒక తల్లి తన కూతుళ్లను తీసిన ఫొటోలనూ చూశారు.