స్వలింగ దాంపత్యము – ఆరోగ్య రక్షణ

గ్రేటర్ నోయిడా ఢిల్లీ చెంత 1991 తరువాత పెరిగిన క్రొత్త పట్టణము. చదువు కొరకును, ఉద్యోగముల కొరకును యువజనులు దూరప్రాంతములనుండి అచ్చట చేరుచున్నారు. ఇట్టి పట్టణములలో ఇరువురు పురుషులుగాని, ఇరువురు స్త్రీలుగాని దంపతులవలె కాపురముండుట కలదు. ఇట్టి బంధమే రోగములకు మూలమని కొందరందురు. జంట కుదిరినది గనుక రోగభయము లేదని మరికొందరందురు. ఈ రెండును పొరపాట్లే.

వయోజనులు పరస్పర సమ్మతితో నెరపు స్వలింగ సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మొదలగువారు వివాహపు హక్కు కోరగా, దానిని నిర్ణయించుట చట్టసభల పని యని 2023 అక్టోబరు 17న ఆ కోర్టే పేర్కొన్నది. కావున ఈ వివాహములకు చట్టపు గుర్తింపు లభింపలేదు. చికిత్స పొందు హక్కు మాత్రము వివాహముపై ఆధారపడదు.

రోగక్రిములు జంట యెట్టిదో ఎంచవు. మలద్వారపు లోపలి పొర పలుచనిది, సులభముగా చిట్లును. అందుచే రక్షణ లేని మలద్వార సంభోగమువలన హెచ్.ఐ.వి. సోకు అవకాశము అధికము. ఇది స్త్రీపురుషుల జంటలకును వర్తించును. స్త్రీల జంటలలో హెచ్.ఐ.వి. సోకుట అరుదు. అయినను గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు ముఖ్యకారణమైన హెచ్.పి.వి. అను క్రిమి శరీర స్పర్శచే వ్యాపించును. కావున పురుష సంపర్కము లేదని స్త్రీలు ఆ పరీక్ష మానరాదు.

కాపురమునకు ముందు ఇరువురును హెచ్.ఐ.వి., సవాయి, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకొనవలెను. హెచ్.ఐ.వి. సోకిన తొలి వారములలో పరీక్షకు అందకపోవచ్చును. అనుమానమున్నచో మూడు నెలల పిమ్మట మరల పరీక్షింపవలెను. అంతవరకు కండోము వాడుట క్షేమము. సవాయి పెన్సిలినుతో నయమగును. హెపటైటిస్-బి రాకుండ టీకా కలదు. హెచ్.ఐ.వి.కి ప్రభుత్వము 2004 నుండి ఉచితముగా మందులిచ్చుచున్నది. వానిని క్రమముగా వాడి, రక్తములో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నవారినుండి సంభోగమువలన ఇతరులకు ఆ వ్యాధి సోకదు.

ఇంటి యజమానికో, తోడి ఉద్యోగులకో తెలియునను భయముతో ఆసుపత్రి గడప తొక్కనివారికే ముప్పు ఎక్కువ. 2017నాటి హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము సమ్మతి లేక పరీక్ష చేయరాదు. చట్టము చెప్పిన కొన్ని సందర్భములందు తప్ప ఫలితమును వెల్లడింపరాదు. వ్యాధి కారణముగా అద్దె యిల్లు నిరాకరించుట కూడదు. సందేహములకు 1097 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

రోగమునకు కారణము బంధము కాదు, అజాగ్రత్తయే. దానిని దాచుటవలన అది పెరుగును, పరీక్షించుకొనుటవలన లొంగును.