కోటప్పకొండ తిరునాళ్ల బిళ్ల, పటాన్‌చెరు సూది

శివరాత్రి దగ్గర పడుతుంటే నరసరావుపేటలో మందుల షాపుకు మనిషిని పంపి "డేట్ వాయిదా పడే బిళ్లలు" తెప్పించుకునే ఇళ్లు ఉంటాయి. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాలి, ఇంట్లో పూజ ఉంది, నెలసరి సరిగ్గా ఆ వారమే వచ్చేట్టుంది. హార్మోన్ల పాఠం ముగించి బయటికొస్తుంటే డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వెనకే వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, తిరునాళ్లకు మా వదిన వేసుకునే బిళ్లా, పిల్లలు పుట్టకుండా వేసుకునే బిళ్లా ఒకటేనా? అది వేసుకుంటే గర్భం వస్తుందన్న భయం ఉండదా?"

ఆ వాయిదా బిళ్లలో ఉన్నది నార్‌ఎథిస్టిరాన్. ప్రపంచంలో తొలి తరం గర్భనిరోధక మాత్రల్లోకి వెళ్లిన పదార్థాల్లో అదొకటి. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు అవునే. రెండో ప్రశ్నకు జవాబు కాదు. పదార్థం ఒకటే అయినా వేళ వేరు. హార్మోన్ల లోకంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే: ఏ కబురు వచ్చిందన్నదానితో పాటు ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని కూడా ఒళ్లు లెక్క చూసుకుంటుంది.

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ గంటకో గంటన్నరకో ఒకసారి ఒక చిన్న హార్మోన్ మోతాదును పిట్యూటరీ గ్రంథికి పంపుతుంది. దాని పేరు జీఎన్ఆర్‌హెచ్. పిట్యూటరీ దాన్ని అందుకుని ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను అండాశయానికి పంపుతుంది. ఈ మొదటి కబురు దఫదఫాలుగా రావడం ఎంత ముఖ్యమో ఎర్నెస్ట్ నోబిల్ 1970లలో రీసస్ కోతుల మీద తేల్చాడు. సొంత జీఎన్ఆర్‌హెచ్ లేకుండా చేసిన కోతులకు గంటకొకసారి ఆరు నిమిషాల పాటు ఆ హార్మోన్ ఎక్కిస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఆపకుండా ధారగా ఎక్కిస్తే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ రెండూ పడిపోయాయి. మళ్లీ గంటకోసారి ఇస్తే మళ్లీ లేచాయి. ఈ ప్రయోగం క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు అండాశయం వైపు చూద్దాం. పెరుగుతున్న అండపుటిక ఈస్ట్రోజన్ తయారు చేస్తుంది. అది కొద్దిగా ఉన్నప్పుడు పిట్యూటరీని అదుపులో పెడుతుంది. డాబా మీది ట్యాంకులో నీళ్లు పెరిగేకొద్దీ ఫ్లోట్ బంతి లేచి పైపు మూసేసినట్టే. కానీ ఈ బంతికి ఇంకో గుణం ఉంది. మిల్లీలీటరు రక్తంలో ఈస్ట్రోజన్ 200 పికోగ్రాములు దాటి, దాదాపు రెండు రోజులు అలాగే నిలిచిందా, మూయాల్సిన బంతే పైపును బార్లా తెరుస్తుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది.

అండం వెళ్లిపోయాక మిగిలిన పుటిక ప్రొజెస్టిరాన్ తీస్తుంది. అది జీఎన్ఆర్‌హెచ్ దఫాలను మూడు నాలుగు గంటలకు ఒకటిగా నెమ్మదింపజేస్తుంది. ఆ నెమ్మదిలో ఎల్‌హెచ్ ఉప్పెన రాదు. గర్భవతికి మళ్లీ అండం విడుదల కాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాబర్లాండ్ 1919లోనే చూలుతో ఉన్న కుందేళ్ల అండాశయాలను వేరే కుందేళ్లకు అతికించి, అవి కొంతకాలం చూలు కట్టకుండా ఆపగలిగాడు. గర్భనిరోధక మాత్ర చేసేదీ ఇదే పని. అందులో ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే ప్రొజెస్టిన్ దఫాలను నెమ్మదింపజేస్తే, ఈస్ట్రోజన్ ఎఫ్ఎస్‌హెచ్‌ను అణచి పుటిక పెరగనివ్వదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు కూడా చిక్కబడి వీర్యకణాలకు దారి మూసుకుపోతుంది.

వదినగారి బిళ్ల సంగతి ఇక తేలికే. ఆమె దాన్ని నెలసరికి మూడు రోజుల ముందు మొదలుపెడుతుంది. అప్పటికి అండం విడుదలై పది రోజులు దాటింది. ప్రొజెస్టిరాన్ తగ్గిపోవడమే గర్భాశయపు పొరకు ఊడిపొమ్మని సంకేతం. బిళ్ల ఆ తగ్గుదల తెలియకుండా పొరను నిలబెడుతుంది, మానేసిన రెండు మూడు రోజులకు రక్తస్రావం అవుతుంది. జరిగిపోయిన అండం విడుదలను అది వెనక్కి తిప్పలేదు. ఇంకో ముఖ్యమైన మాట. నార్‌ఎథిస్టిరాన్ ఒక్కటే ఉండే గర్భనిరోధక మాత్రలో రోజుకు 0.35 మిల్లీగ్రాములు ఉంటే, వాయిదా కోసం వేసుకునేది రోజుకు 15. అంత మోతాదులో కొంత భాగం ఒంట్లో ఎథినైల్ ఈస్ట్రాడయాల్ అనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఈ బిళ్ల ఎవరినీ అడక్కుండా కొని వేసుకునేది కాదని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాను.

అసలు ప్రొజెస్టిరాన్‌నే మింగొచ్చుగా అని అనిపిస్తుంది. మింగితే కాలేయమే దాన్ని చాలావరకు విరగ్గొట్టేస్తుంది. పైగా ఒకప్పుడు అది బంగారం కన్నా ఖరీదు. రసెల్ మార్కర్ అనే మొండి రసాయనవేత్త మెక్సికో అడవి దుంపలోని డయోస్‌జెనిన్ నుంచి దాన్ని కిలోల లెక్కన తీసి, 1944లో సింటెక్స్ కంపెనీ పెట్టడంలో భాగస్వామి అయ్యాడు. మాచర్ల దాటి నల్లమల ఎక్కితే చెంచులు తవ్వి తినే అడవి దుంపలు కూడా ఆ డయోస్కోరియా ప్రజాతివే.

దుంప దొరికాక మిగిలింది కాలేయాన్ని దాటించడం. అణువులో 19వ కార్బన్‌ను తీసేస్తే ప్రొజెస్టిరాన్ గుణం పెరుగుతుంది. 17వ కార్బన్‌కు ఎసిటిలీన్ ముక్క తగిలిస్తే కాలేయానికి అంత తేలిగ్గా లొంగదు. వెల్డింగ్ షాపు సిలిండర్లో ఉండే ఎసిటిలీనే. 1951 అక్టోబర్ 15న సింటెక్స్‌లో కార్ల్ జెరాసీ బృందంలోని లూయిస్ మిరామోంటెస్ ఈ రెండు మార్పులూ కలిపి నార్‌ఎథిస్టిరాన్ చేశాడు. అమెరికాలో సర్ల్ కంపెనీలో ఫ్రాంక్ కోల్టన్ నార్‌ఎథినోడ్రెల్ చేశాడు. రెండింటికీ తేడా ఒక్క ద్విబంధం ఉన్న చోటే. కడుపులోని ఆమ్లం తగిలితే రెండోది మొదటిదిగా మారిపోగలదు. మన పదార్థమే కదా అని సింటెక్స్ వాళ్లు మండిపడ్డారు. అయినా 1960లో గర్భనిరోధక మాత్రగా అమెరికా అనుమతి ముందు తెచ్చుకున్నది సర్ల్ వారి ఎనోవిడే.

ఆ మాత్రను 1956 నుంచి ప్యూర్టో రికోలో పేద స్త్రీల మీద పరీక్షించారు. అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు సరిగా చెప్పలేదు. తలనొప్పి, వాంతులు అంటే చాలావరకు మనసు కల్పించుకున్నవేనని కొట్టేశారు. ఆ కాలంలోనే ఒక విచిత్రం బయటపడింది. తొలి మాత్రల్లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజన్ మలినంగా కలిసిపోయి ఉంది. శుద్ధి చేసి దాన్ని తీసేస్తే మధ్యలో రక్తస్రావం ఎక్కువైంది. దాంతో మలినాన్నే కొలిచి మళ్లీ కలిపారు. మాత్రలో ఈస్ట్రోజన్ స్థిరపడింది అలా. రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ముఖ్యంగా దానివల్లే. తర్వాతి దశాబ్దాల్లో మోతాదులు బాగా తగ్గాయి. ఎనోవిడ్‌లో ప్రొజెస్టిన్ 10 మిల్లీగ్రాములు, మన ప్రభుత్వ మాత్ర మాలా-ఎన్‌లో వేరే ప్రొజెస్టిన్ 0.15 మాత్రమే. ఏడాదికి పదివేల మందిలో మాత్ర వాడనివాళ్లలో ఒకరి నుంచి ఐదుగురికి, వాడేవాళ్లలో ముగ్గురి నుంచి తొమ్మిదిమందికి గడ్డలు వస్తాయని అంచనా. గర్భిణుల్లో, బాలింతల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

మాత్రలో ఒక మేలుంది. పడకపోతే రేపటి నుంచి మానేయొచ్చు, ఆ వేళ ఆడమనిషి చేతిలోనే ఉంటుంది. సూదితో అలా కుదరదు. నార్‌ఎథిస్టిరాన్‌కు ఏడు కార్బన్ల ఎనాంథేట్ తోక తగిలించి ఆముదంలో కలిపి కండలోకి ఎక్కిస్తే అది నూనెను పట్టుకుని కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతుంది. 200 మిల్లీగ్రాముల సూది రెండు నెలలు పనిచేస్తుంది. పేరు నెట్-ఎన్. రసాయనంగా ఎంత తెలివైన పనో! కానీ ఒకసారి ఎక్కిన మందును వెనక్కి లాగలేం.

1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో భారత వైద్య పరిశోధన మండలి ప్రయోగాల్లో భాగంగా నెట్-ఎన్ శిబిరం పెట్టారు. అక్కడికి వెళ్లిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులకు తెలిసిందేమిటంటే, వచ్చిన ఆడవాళ్లకు ఇది గర్భం రాకుండా ఇచ్చే సూది అని తప్ప, ప్రయోగమని గానీ ఏయే ఇబ్బందులు రావచ్చో గానీ చెప్పలేదు. 1986లో ఆ సంఘం, ఢిల్లీ సహేలీ, అహ్మదాబాద్ చింగారీ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కేసు 2000లో ముగిసింది. నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా ఇవ్వడం తగదని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆడవాళ్లకు ఇంకో దారి దొరక్కుండా చేశారని ఆ సంఘాలను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. నేను ఆ సంఘాల వైపే. వాళ్లు అడిగింది అణువును నిషేధించమని మాత్రమే కాదు, అడిగి ఇవ్వమని కూడా.

ఆ ప్రశ్న ఇంకా నడుస్తోంది. 2017 నుంచి ప్రభుత్వం "అంతర" పేరుతో ఇంకో సూదిని ఉచితంగా ఇస్తోంది. అది మెడ్రాక్సీప్రొజెస్టిరాన్, 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్ర వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. కాబట్టి బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలనుకునే కొత్త కోడళ్లకు ఈ సూది నిజంగా అక్కరకొచ్చేదే. ఏఎన్ఎం దాన్ని పొడిచే ముందు మూడు సంగతులు చెప్పాలి. నెలసరి క్రమం తప్పుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. ఏళ్ల తరబడి వాడితే ఎముకల సాంద్రత తగ్గుతుంది, మానేశాక చాలావరకు కోలుకుంటుంది. చివరి సూది తర్వాత మళ్లీ గర్భం నిలవడానికి సాధారణంగా తొమ్మిది పది నెలలు పట్టొచ్చు. ఈ మూడోది ముందే తెలియని కోడలు సూది మానేసి ఆరు నెలలైనా నెల తప్పకపోతే, ఆ మాటలు పడేది అత్తింట్లో ఆమే.