నీరు పల్లమెరుగును

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అను సామెత మన యిండ్లలో తరతరములుగా వినబడుచున్నదే. అందలి మొదటి మాటకు అర్థమును హైదరాబాదు తూర్పు భాగమందలి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులు 2020 అక్టోబరులో మిక్కిలి కష్టముతో నేర్చుకొనిరి.

ఆ నెల 13వ తేదీ ఉదయమున తీవ్ర వాయుగుండ మొకటి కాకినాడ సమీపమున తీరము దాటి, పడమరగా సాగి తెలంగాణమును చేరెను. నగరపు తూర్పు అంచున నున్న ఘట్‌కేసరులో ఒక్క దినమున 32 సెంటీమీటర్ల వాన కురిసెను. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ మొదలైన కాలనీలు నీట మునిగెను. వాహనములు తిరుగు వీధులలో పడవలు తిరిగెను. నగరమంతటను పదులకొలది ప్రాణములు పోయెను. తెల్లవారిన తరువాత అందరి నోటను ఒకే మాట: "ఇట్లగునని ఎవరూహించిరి?"

ఈ ప్రశ్నను తేలికగా విడువరాదు. ఊహింపకపోవుట రెండు విధములు. ఆపద ఎప్పుడు వచ్చునో తెలియకపోవుట ఒకటి. ఏ త్రోవన వచ్చునో తెలియకపోవుట మరియొకటి. మొదటిది మానవమాత్రునికి సహజము. రెండవది పలుమారు అజ్ఞానము కాదు, మరపు.

సరూర్‌నగర్ చెరువు విజయవాడ రహదారికి దక్షిణమున నున్నది. మూసీనది ఉత్తరమున నున్నది. మీర్‌పేట, జిల్లెలగూడ ప్రాంతముల ఎగువ చెరువుల మిగులునీరు ఈ చెరువునకు వచ్చి, ఇది నిండినపుడు అలుగు దాటి మూసీవైపు సాగవలెను. ఇది పూర్వుల గొలుసుకట్టు పద్ధతి. చెరువు దిగువన నున్న పల్లమున ఇండ్లు లేచినవి. వాగు నాలాయై, నాలా సన్నగిల్లినది. వాగు పేరు జనులు మరచిరి. నీరు మాత్రము తన త్రోవ మరువలేదు.

నగరమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగి, ఒకదాని నీరు మరొకదానిపై బడుటచే ఆ వరద అంత ఘోరమయ్యెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. అవి నగరమునకు మహోపకారము చేసినవి. అయితే అవి కాచునది పడమటి ఎగువనుండి వచ్చు నీటిని. దక్షిణమునుండి సరూర్‌నగరు చేరు నీరు ఆ జలాశయముల కంటబడదు. జరిగిపోయిన ఆపదకు చేసిన చికిత్స రాబోవు ఆపద కన్నిటికిని చాలదు.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కార్ల్ వైక్, కాథ్లీన్ సట్‌క్లిఫ్ అను పండితులు ఊహింపని సంఘటనల నిర్వహణపై 2001లో ఒక గ్రంథము వెలువరించిరి. విమానవాహక నౌకలు, అణువిద్యుత్ కేంద్రములు వంటి చోట్ల చిన్న పొరపాటు సైతము ప్రళయమగును. అయినను అట్టి సంస్థలు తరచుగా క్షేమముగా నడచుటకు కారణమేమని వారు విచారించిరి. వారు కనుగొన్న వానిలో రెండు మన బడులకు ముఖ్యములు. ఆ సంస్థలు చిన్న లోపమును చిన్నదని త్రోసివేయవు. ఆపత్సమయమున పెద్ద పదవి గలవానికి గాక, ఆ విషయ మెక్కువగా తెలిసినవానికి నిర్ణయము నప్పగించును.

మొదటి సూత్రమునకు సాక్ష్యము దూరమున లేదు. అక్టోబరు వరదకు కొలదివారములు ముందు, 2020 సెప్టెంబరులోనే, సరూర్‌నగర్ చెరువు ప్రాంతమున ద్విచక్రవాహనముపై పోవుచున్న ఒక వ్యక్తి వీధిలోని వరదలో కొట్టుకొనిపోయి మరణించెను. అది ఒక కుటుంబమునకు తీరని దుఃఖము. నగరమునకు అదియే ముందుగా వచ్చిన హెచ్చరిక.

రెండవ సూత్రము ఉపాధ్యాయులు మరింతగా ఆలోచింపదగినది. 2020 అక్టోబరులో కరోనా వలన బడులు మూసియుండెను. పిల్లలు ఇండ్లలో నుండిరి. అట్టి వాన పనిదినమున మధ్యాహ్నము వచ్చినచో? ప్రధానోపాధ్యాయుడు సమావేశమునకు పోయియున్నచో, పిల్లలను నిలుపుటకో పంపుటకో ఎవరు నిర్ణయింతురు? మేడగది తాళముచెవి ఎవరియొద్ద నున్నది? హాజరుపట్టీలు, విద్యార్థుల సర్టిఫికెట్లు బీరువా క్రింది అరలో నున్నవా, పై అరలో నున్నవా? ఏ మూలనుండి నీరు ముందుగా వచ్చునో గేటువద్ద నుండు కావలివానికి తెలిసియుండును. అతని నెవరైన అడిగిరా? ఈ ప్రశ్నలకు ధనము అక్కరలేదు. ఒక సాయంకాలపు తీరిక చాలును.

వరద తరువాత నగరపాలక సంస్థ నాలాల అభివృద్ధికై ప్రత్యేక కార్యక్రమమును చేపట్టి ఎల్బీనగర్ ప్రాంతమున పెద్ద కాలువలు కట్టించినది. అది మెచ్చదగిన పని. అయినను ఎంత పెద్ద కాలువకైనను ఒక పరిమితి యుండును. ఆ పరిమితి దాటిన దినమున మనుష్యులను కాపాడునది వారి యెరుక.

కావున విద్యార్థులు తమ బడి చుట్టునున్న వీధులలో వాననీరు ఎటు పోవునో నడచి చూచి, పటము గీయవలెను. చెరువు శిఖము ఎంతవరకుండెడిదో, అలుగు ఎక్కడ పారెడిదో వృద్ధుల నడిగి అందులో గుర్తింపవలెను. ఆ పటమును తరగతి గోడపై తగిలించి, ప్రతి యేటను తొలకరికి ముందు సరిచూచుకొనవలెను. రాబోవు పెనువాన తేదీని ఏ పంచాంగమును నిశ్చయముగా చెప్పజాలదు. దాని త్రోవను పదియేండ్ల బాలుడు సైతము వ్రాయగలడు.