బడిలో జరిగేది ఇంటికి తెలియాలంటే

ఐదో తరగతి దాకా పిల్లలు ఇంటికి రాగానే బడి సంగతులన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతారు. టీచర్ ఏ రంగు చీర కట్టుకున్నారో, పక్కవాడు డబ్బాలో ఏం తెచ్చుకున్నాడో కూడా వదలరు. ఆరో తరగతికి వచ్చాక ఆ మాటలు తగ్గిపోతాయి. "ఈ రోజు ఏం చెప్పారు?" అని అడిగితే "ఏమీ లేదు" అంటారు. ఏడో తరగతికల్లా ఆ ప్రశ్నకే విసుక్కుంటారు. పదకొండు నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య ఇది సహజమే. అయితే పిల్లలు చెప్పడం మానేసిన ఈ మూడేళ్ళలోనే బడి నుంచి ఇంటికి వెళ్ళే కబురు కూడా తగ్గిపోతుంది. అసలు చిక్కు అక్కడ ఉంది.

ప్రాథమిక తరగతుల్లో చాలా సబ్జెక్టులు ఒకే టీచర్ చెబుతారు. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏది ఇష్టంగా చేస్తున్నాడో ఆ ఒక్కరిని అడిగితే తెలిసిపోతుంది. ఆరు నుంచి సబ్జెక్టుకొక టీచర్ వస్తారు. లెక్కల సార్‌కు లెక్కల్లో పిల్లవాడు తెలుసు, సైన్సు మేడంకు సైన్సులో తెలుసు, ఆటల సార్‌కు మైదానంలో తెలుసు. అందరికీ కొంత కొంత తెలుసు గానీ మొత్తం పిల్లవాడు ఎవరికీ కనబడడు. తల్లిదండ్రులకేమో ఎవరిని అడగాలో తెలియదు. చివరికి మార్కుల కాగితం ఒక్కటే మిగులుతుంది. అది వచ్చేసరికి పాఠం అయిపోయి రెండు నెలలు గడిచి ఉంటాయి.

మన పుదుచ్చేరి తెలుగు కుటుంబాలకు దీనిపైన ఇంకో ఇబ్బంది ఉంది. యానాం నుంచి ఉద్యోగాల కోసం ఇక్కడికి వచ్చినవాళ్ళున్నారు, బదిలీల మీద ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్ళున్నారు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళూ ఉన్నారు. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. కానీ పుదుచ్చేరి పట్టణంలో తెలుగు ఇంటి భాషే. బడి నుంచి వచ్చే కాగితం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. వీధిలో మాట్లాడేది తమిళం. అందుకని చాలా ఇళ్ళల్లో బడి కాగితాన్ని చదివి అర్థం చెప్పే పని పిల్లల మీదే పడుతుంది. తన మీద వచ్చిన ఫిర్యాదును తానే తెలుగు చేసి అమ్మకు చెప్పాల్సిన పన్నెండేళ్ళ పిల్లవాడు దాన్ని ఎలా చెబుతాడో ఊహించుకోవచ్చు! తప్పు వాడిది కాదు. పెద్దవాళ్ళ మధ్య నడవాల్సిన మాటను వాడి చేత మోయిస్తున్నాం.

పుస్తకాలు మారడం ఇంకో విషయం. ఆరో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు 2024లో వచ్చాయి. లెక్కల పుస్తకం పేరు 'గణిత ప్రకాశ్', సైన్సు పుస్తకం పేరు 'క్యూరియాసిటీ'. మనం చదువుకున్న పుస్తకాల్లా ముందు సూత్రం, తర్వాత ఉదాహరణ, ఆ తర్వాత అభ్యాసం అన్న వరుస వీటిలో అంతగా కనబడదు. గణిత ప్రకాశ్‌లో రుణ సంఖ్యల పాఠం లిఫ్ట్ ఉన్న ఒక భవనంతో మొదలవుతుంది. నేల మీద అంతస్తులుంటాయి, నేల కింద కూడా ఉంటాయి. పైకి వెళ్తే కూడిక, కిందికి దిగితే తీసివేత. క్లాసులో పిల్లలు ఆ లిఫ్ట్ ఎక్కి దిగినట్టు ఆడతారు. ఇంటికెళ్ళి "ఈ రోజు లెక్కల క్లాసులో లిఫ్ట్ ఆట ఆడాం" అంటే తండ్రి "అయితే లెక్కలు చెప్పలేదా?" అంటాడు. ఆ ప్రశ్న తర్వాత పిల్లవాడు రేపటి నుంచి చెప్పడం మానేస్తాడు. 'ఈ వారం సున్నాకు కింద ఉన్న సంఖ్యలు నేర్పుతున్నాం, లిఫ్ట్ ఆటతో మొదలుపెట్టాం' అని ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఆ తండ్రే అంగడి ఖాతాలో అప్పు ఎలా రాస్తారో చూపించి ఉండేవాడు.

సైన్సులో కలిసి ఉన్న పదార్థాలను వేరుచేసే పద్ధతుల పాఠం ఉంది. ఏరడం, చెరగడం, జల్లించడం, వడకట్టడం, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు వంచుకోవడం, మజ్జిగ చిలికి వెన్న తీయడం. నిజం చెప్పాలంటే ఈ పాఠం మా కంటే ఏ నాయనమ్మ అయినా బాగా చెబుతుంది. పొట్టు తేలిక, గింజ బరువు, అందుకే చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోతుందన్నది ఆమెకు చేతుల్లో ఉన్న చదువు. కానీ బడిలో ఆ పాఠం నడుస్తోందని ఆమెకు ఎవరూ చెప్పరు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి అది తనకు సంబంధించింది కాదనుకుంటుంది.

ఇక కోసపాళయం సంగతి. మట్టి బొమ్మలకు, కాగితపు గుజ్జు బొమ్మలకు పేరున్న పేట ఇది. ఆ పేట పిల్లలు కొందరు మన క్లాసుల్లో ఉన్నారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా చేతిపనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు అంటూ ఆ పనివాళ్ళ పేర్లు కూడా రాసింది. కుమ్మరి పేరు దేశ విద్యా విధానంలో గురువుల వరుసలో ఉందన్నమాట. 'కౌశల్ బోధ్' అనే వృత్తి విద్య పుస్తకంలో కూడా ఏడాదికి మూడు రకాల పనులున్నాయి: మొక్కలు, జంతువులతో చేసేది ఒకటి, యంత్రాలు, వస్తువులతో చేసేది ఒకటి, మనుషులకు సేవగా చేసేది ఒకటి.

సంచీ లేని రోజు గురించి ముందుగా చెప్పకపోతే ఇంట్లో ఏమనుకుంటారు? "ఈ రోజు చదువు లేదట, ఇంట్లోనే ఉండు" అంటారు. బొమ్మలు చేసే ఇంటివాళ్ళయితే ఇంకా నొచ్చుకుంటారు. మట్టి పని నుంచి బయటపడాలని బడికి పంపితే అక్కడా మట్టేనా అని. ఆ మాటలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మట్టిని ఎంత ఆరనివ్వాలి, ఆరకముందే కాలిస్తే ఎందుకు పగులుతుంది, అచ్చులో పోసిన బొమ్మ ఎండాక ఎందుకు కాస్త చిన్నదవుతుంది, ఒక బొమ్మకు పెట్టుబడి ఎంత, అమ్మకం ఎంత? ఈ ప్రశ్నల్లో సైన్సూ లెక్కలూ రెండూ ఉన్నాయి. పిల్లలు ఆ రోజు వెతికేది వీటి జవాబులే అని తెలిస్తే ఆ ఇంటి పెద్దే బడికి వచ్చి నేర్పవచ్చు. చెప్పకుండా పిలిస్తే మాత్రం ఎవరూ రారు.

తల్లిదండ్రులకు చెప్పడం టీచర్ దయ మీద ఆధారపడిన విషయం కాదు. 2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ బాధ్యతల జాబితా ఉంది. వేళకు బడికి రావడం, పాఠ్యాంశాలు పూర్తి చేయడం లాంటివాటి పక్కనే తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు జరిపి హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో ప్రగతి, బిడ్డ గురించి అవసరమైన ఇతర సంగతులు తెలియజేయడం కూడా ఉంది. హాజరు, ప్రగతి అన్నారు గానీ మార్కులు అనలేదు, గమనించండి.

ఇప్పుడు దీని అవసరం ఇంకా పెరిగింది. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించింది. కేంద్ర ప్రభుత్వ బడుల్లో ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష తప్పినవాళ్ళకు అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెడతారు. అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచుతారు. ఎనిమిది పూర్తయ్యేవరకు బడి నుంచి తీసేయడం మాత్రం ఉండదు. ఈ పరీక్షలు కంఠస్థం మీద ఆధారపడకూడదని కూడా ఆ నిబంధనల్లో ఉంది. అదే తరగతిలో ఆగిన బిడ్డకు, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా, క్లాస్ టీచర్ దారి చూపాలట. మంచిదే. కానీ ఎనిమిదో తరగతి పిల్లవాడికి భిన్నాలు రావని మార్చిలో తెలిస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆ లోటు ఆరో తరగతిలోనే మొదలై ఉంటుంది. అప్పుడే ఇంటికి తెలిసి ఉంటే రోజుకు పది నిమిషాల్లో సరిపోయేది.

మరి ఎలా చెప్పాలి? అందరికీ వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో సెలవుల కబురు, ఫీజు గడువు, పెద్ద పెద్ద పీడీఎఫ్‌లు వస్తాయి. వాటిని తెరిచేవాళ్ళు తక్కువ. పైగా ఆ నంబరు చాలాసార్లు డ్యూటీలో ఉన్న తండ్రిది. సాయంత్రం బిడ్డ పక్కన కూర్చునే తల్లికి ఆ కబురు చేరదు. అందుకే ఇద్దరి నంబర్లూ ఇవ్వమని అడుగుతున్నాం. వారానికి ఒక్క చిన్న కబురు చాలు, అది ఇలా ఉంటే బాగుంటుంది:

"ఈ వారం ఆరో తరగతి సైన్సులో కలిసి ఉన్నవాటిని వేరుచేసే పద్ధతులు మొదలుపెట్టాం. శనివారానికల్లా ఏ పద్ధతి ఎక్కడ వాడతామో, ఎందుకో పిల్లలు చెప్పగలగాలి. ఇంట్లో బియ్యం చెరిగేటప్పుడు మీ బిడ్డను పక్కన నిలబెట్టి, ఇక్కడ జల్లెడ ఎందుకు పనికిరాదని అడగండి."

ఇందులో ఏం నేర్పుతున్నామో ఉంది, ఎప్పటికి రావాలో ఉంది, ఇంట్లో ఏం చేయవచ్చో ఉంది. దీన్నే తెలుగులో, తమిళంలో గొంతుతో రికార్డు చేసి పంపితే చదవడం రానివారికి కూడా చేరుతుంది. ఒక్క జాగ్రత్త: ఏ ఒక్క బిడ్డ మార్కులు గానీ అల్లరి గానీ గ్రూపులో పెట్టకూడదు. అది ఆ ఇంటికి విడిగా చెప్పాల్సిన మాట. గ్రూపులో పడిన మాట మర్నాడు క్లాసులో వెక్కిరింతగా తిరిగి వస్తుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్కొక్కరికి దొరికేది నాలుగైదు నిమిషాలు. "మావాడు ఎలా చదువుతున్నాడు సార్?" అంటే "ఫరవాలేదు, ఇంకాస్త కష్టపడాలి" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు "ఈ నెలలో వాడికి రావాల్సినవాటిలో ఏది రాలేదు? వాడి నోట్‌బుక్‌లో ఒక పేజీ చూపించండి" అని అడగండి. టీచర్ కూడా తప్పించుకోలేరు. నేనూ ఆ బల్లకు ఇవతల కూర్చునేదాన్నే, అందుకే చెబుతున్నాను.

కబురు అటు నుంచి ఇటు కూడా రావాలి. తండ్రి బదిలీ మీద వేరే ఊరు వెళ్ళాడు, ఇంట్లో ఎవరికో జబ్బు చేసింది, పిల్లవాడు రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తున్నాడు: ఇవేవీ హాజరు పట్టీలో కనబడవు. విద్యా విధానం చెప్పిన కొత్త ప్రగతి పత్రంలో టీచర్ అంచనాతో పాటు పిల్లలు తమ గురించి, తోటివారి గురించి రాసే అంచనాలూ ఉంటాయి. ఇంటికీ బడికీ అది ముడిగా ఉండాలన్నది ఉద్దేశం. ఆ పత్రం వచ్చినప్పుడు సంతకం పెట్టి పంపేయకుండా ఒక్క వాక్యమైనా రాయండి. మీటింగ్‌కు రాలేనివాళ్ళు డైరీలో రాసి పంపినా చాలు. తెలుగులోనే రాయండి, చదివి మిగతా టీచర్లకు చెప్పేవాళ్ళం స్టాఫ్‌రూంలో ఉన్నాం.