సుల్తానా స్వప్నమును వ్రాసిన రొకేయా బేగము

జైమిని భారతములోని ప్రమీల కథ మన సోదరీమణులలో పలువురెఱిగినదే. స్త్రీలే యేలుకొను రాజ్యము. అర్జునుని యాగాశ్వమును బట్టి కట్టిన రాణి. తుదకామె అర్జునుని బెండ్లాడుటతో ఆ రాజ్యపు ముచ్చట ముగిసిపోవును. చిన్ననాడు మా తండ్రిగారు పినవీరభద్రుని పద్యములు చెప్పుచుండగా "ఆ పిమ్మట తక్కిన స్త్రీలందఱు నేమైరి?" అని యడిగి, "ముందు పద్యము చదువు" మని చీవాట్లు తింటిని. పెండ్లితో ముగియని స్త్రీరాజ్యము చాలకాలమునకు గాని నా కంటబడలేదు. అది 1905వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి వెలువడు 'ఇండియన్ లేడీస్ మేగజీన్' అను ఆంగ్ల మాసపత్రికలో ప్రకటింపబడిన 'సుల్తానాస్ డ్రీమ్' అను చిన్న కథ. ఆ పత్రికను 1901లో స్థాపించి నడపిన కమలా సత్తియనాథన్ గారు తెలుగు కుటుంబమున బుట్టిన విదుషి. కథ వ్రాసినది మాత్రము వంగదేశపు ముస్లిము యువతి, రొకేయా సఖావత్ హుస్సేన్. నేడు వైజ్ఞానిక కల్పనలని మనము చదువు కథలలో మన దేశపు స్త్రీ వ్రాసిన తొలి రచనలలో నిది యొకటి.

రొకేయా 1880లో రంగపూరు జిల్లాలోని పైరాబంద గ్రామమున జమీందారుల యింట జన్మించెను. ఆ యూరిప్పుడు బంగ్లాదేశములో నున్నది. ఆ యింటి యాడపిల్లలు ఖురాను పఠింపవచ్చును, ఉర్దూ చదువవచ్చును. వంగభాషగాని ఇంగ్లీషుగాని ముట్టరాదు. ఘోషా యెంత కఠినమనగా, పరపురుషుల మాట యటుంచి, పరాయి స్త్రీల కంటగూడ కన్యలు పడరాదు. రొకేయాకు అయిదేండ్ల వయసున బీహారునుండి దాసీ లిద్దఱు వచ్చిరి. వారున్న నాలుగు దినములును ఆ పసిబిడ్డ మేడమీది యటకలో దాగియుండెను. ఈడు పిల్లవాడొకడు జ్ఞాపకము వచ్చినపుడు తెచ్చి యిచ్చిన పాలు త్రాగి ప్రొద్దుపుచ్చెను. ఈ సంగతి నామెయే దాదాపు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట వ్రాసికొన్నది.

అట్టి యింటనే యొక యన్నయు, ఒక యక్కయు నుండుట యామె యదృష్టము. పెద్దలు నిద్రించిన పిమ్మట దీపము పెట్టుకొని అన్న ఇబ్రహీము చెల్లెలికి ఇంగ్లీషు నేర్పెను. అక్క కరీమున్నీసా యండతో వంగభాష నిలిచెను. భర్త సయ్యద్ సఖావత్ హుస్సేన్ భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. వయసున జాల పెద్ద, ఇంగ్లండులో చదివినవాడు. ఆయన సర్కీటునకు బోయినపుడు ఒంటరిగా నున్న రొకేయా కాలక్షేపమునకై ఆంగ్లములో నీ కథ వ్రాసెను. ఆయన తిరిగివచ్చి, కాగితములు చేతబట్టుకొని, కూర్చుండకయే తుదివఱకు జదివి, పగ ఘోరముగ దీర్చుకొంటివని మెచ్చుకొనెనట!

పగ యేమనగా: సుల్తానా పడకకుర్చీలో గూర్చుండి మన దేశపు స్త్రీల స్థితిని దలపోయుచు కునుకు దీయును. సారా యను స్నేహితురాలు వచ్చి యామెను వాహ్యాళికి దీసికొనిపోవును. వీథులలో మగవాడు కానరాడు. వారందఱు ఇండ్లలోపల 'మర్దానా'లో నుందురు. ఆ దేశపు రాణి స్త్రీలకై విశ్వవిద్యాలయములు నెలకొల్పెను. ఒకదానిలోనివారు పెద్ద బెలూను నెగురవేసి గొట్టములద్వారా మేఘములనుండి నీరు దించుకొనిరి. ఇంకొకదానివారు సూర్యుని వేడిమిని గూడబెట్టు సాధనమును గనిపెట్టిరి. సేనలను బెంచుకొనుటలో మునిగియున్న పురుషులు వీనిని జూచి నవ్విరి. శత్రువు పైబడగా ఆ సేనలు విఱిగెను. అప్పుడు పురుషులను లోపలికి బంపి, ప్రధానోపాధ్యాయిని రెండువేల విద్యార్థినులతో బోయి, కూడబెట్టిన యెండను శత్రువులమీద ద్రిప్పెను. లోపలికి బోయిన మగవారు మరల వెలుపలికి రాలేదు.

నాకీ యుద్ధముకంటె వంటిల్లు నచ్చినది. కూరతోట నడుమ వంటిల్లు, కిటికీలకు బూలమాలలు. పొగ లేదు, బొగ్గు లేదు, ఎండవేడిమితోనే యన్నము వండుదురు. మా యమ్మమ్మ తడికట్టెలముందు ఊదుగొట్టము పట్టుకొని కన్నులు తుడుచుకొనుట చూచినదానను. ఆ పుటను రెండుమాఱులు చదివితిని. ఇక మగవారిని దాచుట న్యాయమా యని మీరడుగుదురు. కీడు చేయువారిని గట్టడిలో నుంచుట లోకరీతి గదా, కీడెఱుగని వారినేల మూసిపెట్టితిరని సారా యడుగును. దీనికి సుల్తానా యొద్ద ప్రత్యుత్తరము లేదు.

కలలో విమానములెక్కించిన రొకేయా మెలకువలో బడిబండికై పడిన పాట్లు వేఱు. బిడ్డ లిద్దఱును శైశవముననే పోయిరి. 1909లో భర్త మరణించెను. ఆయన విడిచిన పదివేల రూపాయలతో భాగల్పూరులో అయిదుగురు బాలికలతో పాఠశాల పెట్టెను. ఆస్తి తగవులచే నచట నిలువలేక కలకత్తా చేరి, 1911లో ఎనిమిదిమందితో మరల దెఱచెను. తాను బురఖాలోనే యింటింటికిం బోయి పిల్లల నడిగెను. బడికి మోటారుబండి చేయించినపుడు గాలి చొరకుండ మూయించిరి. లోన చీకటికి, ఉక్కకు బాలికలు వాంతులు చేసికొనిరి, మూర్ఛపోయిరి. మూతలు తీసి తెరలు గట్టించిన, గాలికి తెరలెగురుచున్నవని బెదరింపు జాబులు వచ్చెను. తల్లిదండ్రుల కోపమొకవైపు, ఊరివారి కోపమొకవైపు! బడి నిలుపుకొనుటకై యామె తన కల కంత దూరమున వంగి యుండెను. కొందఱిది పిఱికితనమందురు, ఎనిమిదిమంది పిల్లల బడిని నడపి చూడనివారి మాట యది.

వంగుట వంగెను గాని కలము వంగలేదు. 1931లో వెలువడిన 'అవరోధవాసిని' లో ఘోషాను గూర్చిన నలువదియేడు సంగతులున్నవి. కియూల్ స్టేషనులో నొక బంధువురాలు బురఖా తగులుకొని రైలుపట్టాలకడ బడెను. కూలీలు లేవనెత్తబోగా, పరపురుషులు ముట్టరాదని దాసి యడ్డుపడెను. బండి అరగంట చూచి కదలిపోయెను. ఈ వృత్తాంతమున నొక్క విశేషణమైన లేదు. అంత కోప మింత నెమ్మదిగ జెప్పుట స్వప్నము వ్రాసిన నాటి చమత్కారముకంటె గొప్పదని నా తలంపు.

స్వప్నమున సుల్తానా గాలిబండినుండి జాఱి మేలుకొనును. రొకేయా కది వ్రాసిన పాతికేండ్లకు, 1930లో, నిజమైన విమానమెక్కు భాగ్యము గలిగెను. ఏబది మైళ్ళు తిరిగి వచ్చి, ఆ ముచ్చటను వంగభాషలో వ్రాసెను. 1932 డిసెంబరు 8వ తేదీ రాత్రి ప్రొద్దుపోవువఱకు స్త్రీల హక్కులను గూర్చి యొక వ్యాసము వ్రాయుచుండెను. మఱునాడు తెల్లవాఱునప్పటికి కన్నుమూసెను. వ్యాసము సగములో నున్నది.