జీతం చీటీ చదివించే బడి

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో వరసగా మాల్స్, వాటికి ఎదురుగా ఖిర్కీ, హౌజ్ రాణీ పాత ఊళ్ల ఇరుకు సందులు. ఈ మాల్స్‌ను, చుట్టుపక్కల కాలనీలను నడిపించేది సెక్యూరిటీ గార్డులు, ఊడ్చి తుడిచేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. గార్డు జీతం చీటీలో పీఎఫ్ కింద 12 శాతం, ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత పడుతుంది. ఈఎస్ఐకి యజమాని మరో 3.25 శాతం కట్టాలని, ఆ కార్డుతో ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుందని తెలియకపోతే అతనికి కనిపించేది కోత ఒక్కటే. పనిమనిషికి ఆ చీటీ కూడా ఉండదు. కార్మిక విద్య మొదలు కావలసింది ఇక్కడే. అది దాతల దయగానో, సర్కారు పథకంగానో మిగిలిపోకూడదు. కార్మికుల సొంత సంఘాల చేతుల్లో ఉంటేనే నిలుస్తుంది.

ఆ సంగతి ప్రపంచం ఎప్పుడో గ్రహించింది. 1903లో ఇంగ్లండులో ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జ్ కార్మికుల విద్యా సంఘాన్ని నెలకొల్పాడు. 1912లో స్వీడన్ కార్మికులు తమ విద్యా సంస్థను ఏర్పరచుకున్నారు. అక్కడ ఉపన్యాసాల కంటే చర్చాబృందాలకే పెద్దపీట. కొద్దిమంది ఒకచోట కూర్చుంటారు, వాళ్లలోనే ఒకరు చర్చ నడుపుతారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇలాంటి సంస్థలు కలిసి అంతర్జాతీయ కార్మిక విద్యా సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి. మొదట్లో అది ప్రధానంగా యూరప్ యూనియన్ల వేదిక. ఇప్పుడు దాని కార్యాలయం కేప్‌టౌన్‌లో ఉంది. స్వయం ఉపాధి మహిళల కోసం ఇళా భట్ 1972లో అహ్మదాబాద్‌లో స్థాపించిన ‘సేవా’ సంఘపు అకాడమీకి ఆ సమాఖ్యలో చోటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టిన చదువు, గేటే లేని పనులు చేసుకునే ఆడవాళ్ల దాకా చేరింది.

మనకూ ఈ వారసత్వం కొత్త కాదు. 1937లో నేటి ప్రకాశం జిల్లా తీరంలోని కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక పాఠాల కోసం పెట్టిన వేసవి బడిని నాటి ప్రభుత్వం నిషేధించింది. చదువుకున్న శ్రమజీవి అంటే ఏలినవారికి ఎంత గుబులో దీన్నిబట్టే తెలుస్తుంది. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సులో మన కార్మికుల తరఫున గొంతు వినిపించిన వి.వి.గిరి పేరుతోనే నోయిడాలో జాతీయ కార్మిక సంస్థ నడుస్తోంది. 1958లో కేంద్ర కార్మిక విద్యా బోర్డు కూడా వచ్చింది. అయితే ప్రభుత్వ తరగతిలో ఏం చెప్పాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. ఏం అడగాలో కార్మికుడు నిర్ణయించుకోవాలంటే బడి అతనిదై ఉండాలి.

నైపుణ్య శిక్షణ ఇస్తే చాలదా అని కొందరంటారు. పని నేర్పడం వేరు, ఆ పనికి దక్కాల్సిన దాన్ని అడగడం నేర్పడం వేరు. ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయిగా అనేవాళ్లూ ఉన్నారు. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్ల మందికి పైగా పేర్లు నమోదయ్యాయి, నిజమే. కానీ పేరు నమోదైనంత మాత్రాన జీతం ఎగ్గొట్టిన యజమానిని ఎవరూ నిలదీయలేరు. అందుకు పక్కన పదిమంది ఉండాలి. ఎక్కడో ఉన్న సమాఖ్యతో సాకేత్ సందులకు పనేమిటి అన్న సందేహానికీ జవాబుంది. ఇళ్లలో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందానికి భారత్ ఓటు వేసింది గానీ, నేటికీ దాన్ని ఆమోదించలేదు. చదువుకునేందుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్న 1974 నాటి 140వ ఒప్పందానిదీ అదే గతి. ఇలాంటి హక్కులున్నాయని కార్మికులకు తెలియనంత కాలం ప్రభుత్వాన్ని అడిగేవారే ఉండరు. ఒక దేశంలో గెలిచిన హక్కు మరో దేశపు పాఠంగా మారేది సమాఖ్యల వల్లే.

కాబట్టి యూనియన్లు సభ్యత్వ రుసుముతో సరిపెట్టుకోకుండా బస్తీబస్తీకీ చర్చాబృందాలు పెట్టాలి. కాలనీ సంఘాలు తమ గార్డులకు, పనివాళ్లకు వారానికి ఒక గంట జీతం కోయకుండా వదలాలి. ఆ గంట దయ కాదు, వాళ్లకు మనం పడ్డ బాకీ.